మూడో దోసెడు ఉప్పు

పరుపు మూడోసారి తడిసింది.

యొన్‌సిమ్ దాన్ని పెరట్లో దండెం మీద వేసి, మరక ఊరివైపు కనబడకుండా తిప్పి, అంచులు సర్దింది. అయినా నమ్మకం కలగలేదు. తొమ్మిదేళ్ళ కూతురు పక్క తడపడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆమెకు ఎదురింటి పొగగొట్టానికి కూడా కళ్ళున్నట్టే తోస్తోంది.

కూతురు దల్లె వంటింటి గడప మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఏడవడం లేదు. యొన్‌సిమ్ భయమంతా అక్కడే ఉంది. ఏడ్చే పిల్లనైతే ఒళ్ళోకి తీసుకోవచ్చు. మిరపకాయలకు తొడిమలు తీసే పిల్లను ఏం చెయ్యాలి?

పొద్దున అన్నాల దగ్గర పెద్దవాడు చాంగ్‌సిక్ ఊరుకోలేదు. పధ్నాలుగేళ్ళవాడు, ఊరుకునే వయసు కాదు. లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పడవ చేసి, చెల్లెలి గిన్నె పక్కన పెట్టాడు.

"రాత్రికి పనికొస్తుంది. నాన్నమ్మను కూడా ఎక్కించుకో, మునిగిపోతుంది," అన్నాడు.

వాళ్ళ నాన్న హక్సు నవ్వబోయి, భార్య మొహం చూసి, ఆ నవ్వును ముల్లంగి ముక్కతో కలిపి మింగేశాడు. మామూలు రోజైతే ఆ పాటికి నాన్నమ్మ చెంచా తిరగేసి మనవడి నెత్తిన ఒక్కటి వేసేది. ఆవేళ చెంచా గిన్నెలోనే ఉండిపోయింది. దల్లె మాత్రం పడవ తీసి జేబులో పెట్టుకుని, "థాంక్స్ అన్నా," అంది.

ఆ నాన్నమ్మది కొంబే అనే ఊరు. ఈ ఊరికి కోడలిగా వచ్చి యాభై నాలుగేళ్ళయినా, వయసు డెబ్బై రెండు దాటినా, ఇక్కడివాళ్ళకు ఆమె కొంబే అవ్వే. మనవరాలు పుట్టినప్పటి నుంచీ తన గదిలో, తన పరుపు మీదే పడుకోబెట్టుకుంటోంది. చలికాలం దల్లె కాళ్ళు కొంబే అవ్వ పొట్టలో ఉండాలి, కొంబే అవ్వ కథలు దల్లె చెవిలో ఉండాలి. అదీ ఒప్పందం.

మొదటిసారి పరుపు తడిసినప్పుడు, పన్నెండు రోజుల కింద, చేట తీసింది ఆవిడే. పక్క తడిపిన పిల్ల నెత్తిన చేట బోర్లించి, చేతికో సొరబుర్ర ఇచ్చి, పొరుగింటికి ఉప్పడగడానికి పంపాలి. పొరుగింటి ఆవిడ అన్నం గరిటెతో చేట మీద టప్పున ఒకటి కొట్టి, ఇంకెప్పుడైనా తడుపుతావా అని అడిగి, దోసెడు ఉప్పు పెట్టాలి. దాంతో పిల్లకు సిగ్గొచ్చి రోగం కుదురుతుంది. ఆ ఊళ్ళో పెద్దమనుషులుగా తిరిగేవాళ్ళలో ఆ చేట కింద నడవనివాడు లేడు.

"మీ నాన్న నడిచాడు నాలుగో ఏట," అని దల్లెను ఓదార్చింది కొంబే అవ్వ చేట కడుతూ. "ఒకసారా? వాడు మోసుకొచ్చిన ఉప్పుతో ఆ ఏడు ఊరంతా కిమ్చీ ఊరగాయ పెట్టుకుంది. మిగిలింది పడవలో పంపించాం. మా కొంబేలో అయితే ఒకడుండేవాడు, వాడు పక్క తడిపితే కింది మళ్ళకు కాలవ అక్కర్లేదు. వాడు పెళ్ళి చేసుకుని వేరే ఊరు పోయిన ఏడు మాకు కరువొచ్చింది."

దల్లె పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుతోనే వీధి దాటి, ఎదురింటి బొమ్‌శిల్ వాళ్ళమ్మ దగ్గర చేట మీద దెబ్బ తిని, ఉప్పు తెచ్చింది. ఆ రాత్రి నుంచీ కొంబే అవ్వ కుంపట్లో గింకో చెట్టు గింజలు కాల్చి మనవరాలికి పెట్టింది. పక్క తడిపేవాళ్ళకు అంతకు మించిన మందు లేదు. దల్లె ఏడు గింజలు తినాలి. కొన్ని రోజులు పోయాక నాలుగే తాను తిని, మూడు నాన్నమ్మ నోట్లో పెట్టేది. పిల్ల ప్రేమ అనుకుంది యొన్‌సిమ్.

రెండోసారి చేట నెత్తినెత్తుకున్నప్పుడు బొమ్‌శిల్ వాళ్ళమ్మ నవ్వలేదు. గరిటెతో మెల్లగా తాకించి ఊరుకుంది. ఆ సాయంత్రం వచ్చి, తొమ్మిదేళ్ళంటే చిన్న వయసు కాదు, పట్నంలో డాక్టరుకు చూపించారా అని గొంతు తగ్గించి అడిగింది. ఆవిడ గొంతు తగ్గించిందంటే ఏ మాటకో రెక్కలు వస్తున్నాయని అర్థం. ఆ నోట్లో పడ్డ మాట వాగు దాటి, కొండెక్కి, అవతలి ఊళ్ళో ఒక పూట భోంచేసి, కొత్త బట్టలు కట్టుకుని మళ్ళీ మన గుమ్మంలోకే వస్తుంది.

ఇప్పుడు మూడోసారి. చేట గోడకే వేలాడుతోంది. ఎవరూ దాని వైపు చూడటం లేదు.

అన్నం తిన్నాక హక్సు నోరు విప్పాడు. ఎల్లుండి జిల్లా పట్నంలో పిల్లల పాటల పోటీ. ఈ ఊరి బడి నుంచి ఎనిమిది మంది ఆడపిల్లలు వెళ్తున్నారు. అందరి గొంతులూ కలిపి నిలబెట్టేది దల్లె గొంతే అని మాస్టారు రెండు నెలలుగా చెబుతున్నారు. రాత్రి సత్రంలో ఎనిమిది మందీ ఒకే బొంత కింద పడుకోవాలి. ఈ సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చి ఖాయం చేసుకుంటానన్నారు. హక్సు గొంతు సవరించుకుని, పిల్లకు జలుబు చేసిందని చెప్పేద్దాం అన్నాడు.

"ఎనిమిది మందిలో తెల్లారేసరికి అది ఒక్కతే లేచి కూర్చుంటే, ఆ తర్వాత బడికెలా పోతుంది? నేను దాని మంచికే చెబుతున్నా."

"సరే నాన్నా," అంది దల్లె.

అంత తొందరగా. అడిగిన మిఠాయి లేదంటే మూడు రోజులు అలిగే పిల్ల, రెండు నెలలు కోళ్ళకూ ఆవుకూ కూడా పాడి వినిపించిన పాటను అంత తొందరగా వదిలేసింది. యొన్‌సిమ్ అత్తగారి వైపు తిరిగింది.

"రెండుసార్లు చేట పెట్టి ఊరంతా తిప్పారు గదా అత్తయ్యా. ఇవాళ మాట్లాడరేం?"

కొంబే అవ్వ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. "నేనేం మాట్లాడను. దాని తండ్రి ఉన్నాడు, నువ్వున్నావు."

"మీరు వెళ్ళమంటే ఆయన కాదనరు."

"వెళ్ళమని నేనెట్లా అంటానే?"

పెళ్ళయిన పదహారేళ్ళలో అత్తగారు ఒక సంగతి మీద అభిప్రాయం లేదనడం యొన్‌సిమ్ ఎన్నడూ వినలేదు. వాన ఎప్పుడు కురవాలో మబ్బుకు చెప్పే మనిషి. యొన్‌సిమ్ ఇంకా ఏదో అనబోయింది గానీ, కొంబే అవ్వ లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, గిన్నెలతో సహా వెళ్ళిపోయింది.

పని ఎవరి బాధ కోసమూ ఆగదు. ఆవేళ కిమ్చీకి క్యాబేజీలు ఉప్పులో వెయ్యాల్సిన రోజు. తెల్లారితే ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా వచ్చి కారం పట్టిస్తారు. నూట నలభై క్యాబేజీలు నిలువునా రెండుగా కోసి, ఉప్పునీళ్ళలో ముంచి, రేకు రేకు మధ్యా ఉప్పు చల్లాలి. అత్తా కోడలూ ఎదురెదురుగా కూర్చుని పొద్దు నడినెత్తికొచ్చేదాకా చేశారు. యొన్‌సిమ్ వేళ్ళ పగుళ్ళలో ఉప్పు దిగి మండుతోంది. ఇంట్లో రెండు బస్తాల ఉప్పు పెట్టుకుని దోసెడు ఉప్పు కోసం పిల్లను వీధిలోకి పంపిన ఇల్లు ఇదే గదా అనుకుంటే, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మామూలుగా ఆ పనిలో కొంబే అవ్వ పాతిక కథలు చెప్పేది. చేటతో పులి మూతి మీద కొడితే అది తోక ముడిచి కొండెక్కి, ఇప్పటికీ తుమ్ముతోందనే కథ ఏటా క్యాబేజీల దగ్గరే వచ్చేది. ఏటికేడు పులి పెద్దదయ్యేది, చేట చిన్నదయ్యేది. ఈ ఏడు పులీ రాలేదు, చేటా రాలేదు.

మధ్యాహ్నం లెక్క చూసుకుంటే క్యాబేజీలు ఎక్కువయ్యాయి. ఉన్న జాడీలు చాలవు. ఇంటి వెనక జాడీల తిన్నె మీద చివరన, మూతి దగ్గర చిన్న బీట ఉన్న పాత సోయా జాడీ ఒకటి నాలుగేళ్ళుగా వాడకుండా పడి ఉంది. బీటకు మైనం పూస్తే ఈ చలికాలానికి సరిపోతుందనిపించి యొన్‌సిమ్ వెళ్ళి దాని మూత ఎత్తింది.

లోపల ఒక గుడ్డల ముద్ద ఉంది.

వాసనతోనే సగం తెలిసింది. బయటికి లాగి విప్పితే మిగతా సగం తెలిసింది. పావడా కింద తొడుక్కునే దూది లాగు. తడి ఇంకా ఆరలేదు. దాని కింద ఇంకొకటి, ఎప్పుడో ఎండి అట్ట కట్టింది. రెంటికీ నడుం దగ్గర నీలం దారపు కుట్టు. కిందటి చలికాలంలో అత్తగారి కోసం ఆ కుట్టు వేసింది యొన్‌సిమే.

ఆమె అక్కడే, జాడీల మధ్య, చతికిలబడి కూర్చుంది.

కాసేపటికి దల్లెను పిలిచింది. పిల్ల వచ్చి, అమ్మ ఒళ్ళో ఉన్నదాన్ని చూసి, ముందు జాడీ వైపు చూసింది. అయ్యో ఇక్కడా దాచింది అన్నట్టుగా.

"నీకు తెలుసు," అంది యొన్‌సిమ్.

దల్లె కాలి బొటనవేలితో నేల గీకింది. "మొదటిసారి నేనే అనుకున్నా. లేచేసరికి నేను తడిలో ఉన్నా కదా."

"రెండోసారి?"

"రెండోసారి మెలకువొచ్చింది. నాన్నమ్మ లేచి కూర్చుని ఉంది. పరుపంతా తడిమి చూసుకుంటోంది. తర్వాత నన్ను ఆ తడి వైపుకు జరపాలని చూసింది. నేను బరువమ్మా. జరగలేదు. నాన్నమ్మ నడుం పట్టుకుని ఉస్సురంది. అందుకని నిద్రలో దొర్లినట్టు నేనే దొర్లా."

యొన్‌సిమ్ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వుగా బయల్దేరి మధ్యలో మనసు మార్చుకున్న చప్పుడు. చేతులకు ఉప్పు ఉన్న సంగతి మరిచి కళ్ళు తుడుచుకుని, కళ్ళు భగ్గున మండి, మళ్ళీ తుడుచుకుంది.

"చేట కూడా నెత్తినెత్తుకున్నావే తల్లీ. నాతో ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెబితే నాన్నమ్మను ఆవుల కొట్టం పక్క గదిలో పెడతారుగా. నాన్నమ్మ వాళ్ళత్తను అట్లాగే పెట్టారట. పక్క తడుపుతోందని. ఆ గదికి నేల కింద నుంచి పొయ్యి వేడి రాదట. రెండు చలికాలాలు ఉందట, అంతే." దల్లె గొంతు తగ్గించింది. "నువ్వు ఆ గది ఖాళీ చేశావు కదమ్మా. మొన్న."

పది రోజుల కింద యొన్‌సిమ్ ఆ గదిలో పాత సామాను తీసి ఊడ్చింది నిజమే. ముల్లంగులు నిలవ పెట్టుకోవడానికి. అత్తగారు గుమ్మంలో నిలబడి, దేనికే ఖాళీ చేస్తున్నావు అని అడిగింది. పనిలో ఉండి, అవసరం పడుతుందిలే అత్తయ్యా అంది తను. ఆ మాట అన్నప్పుడు తల కూడా ఎత్తలేదు.

"నాన్నకు చెప్పకు," అంది దల్లె. "పోటీ మళ్ళీ ఏడు కూడా వస్తుంది. మాస్టారే చెప్పారు."

అప్పుడు చూసింది యొన్‌సిమ్. వంటింటి వెనక తలుపు ఓరగా ఉంది. తలుపు కింద సందులో అత్తగారి తెల్ల రబ్బరు చెప్పులు రెండు, ముందువైపు పడవల్లా పైకి లేచినవి, కదలకుండా ఉన్నాయి. ఆమె చూస్తుండగానే అవి వెనక్కి తిరిగి, ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయాయి. ఎంతసేపటి నుంచి ఉన్నాయో తెలియలేదు.

ఆ లాగులు రెండూ యొన్‌సిమే ఉతికింది. ఎక్కడ ఆరవెయ్యాలో తోచలేదు. చివరికి దండెం మీద తన పావడా కింద దాచి వేసింది. అట్లా ఆ ఇంట్లో దాచేవాళ్ళు ముగ్గురయ్యారు.

సాయంత్రం అనుకున్న వేళకే మాస్టారి సైకిల్ గంట వినబడింది. పాతికేళ్ళ కుర్రాడు, మెడకు మఫ్లరు, చేతిలో పాటల కాగితాలు. హక్సు ఎదురెళ్ళి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. యొన్‌సిమ్ మెత్తబడ్డ సీమ తునికి పళ్ళు రెండు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. బియ్యం లారీలో పిల్లల్ని ఎట్లా తీసుకెళ్తారో, సత్రం ఆవిడ ఎంత మంచిదో మాస్టారు చెబుతున్నారు. దల్లె స్తంభం వెనక నిలబడి వింటోంది. చెయ్యి జేబులో ఉంది. ఆ చేతిలో పొద్దుటి కాగితం పడవ నలుగుతోందని యొన్‌సిమ్‌కు తెలుసు.

హక్సు రెండుసార్లు దగ్గాడు. "మాస్టారూ, ఏమనుకోకండి. పిల్లకు ఒంట్లో అంత బాగా లేదు."

మాస్టారి మొహం వాడిపోయింది. "దల్లె లేకపోతే రెండో చరణం ఎత్తుకునేవాళ్ళు లేరండీ."

నిజం చెబితే అత్తగారి పరువు తెల్లారేసరికి వాగు దాటుతుంది. చెప్పకపోతే లారీ ఎల్లుండి పొద్దున దల్లె లేకుండా కదులుతుంది. స్తంభం వెనక నుంచి కూతురు ఆమెనే చూస్తోంది, వద్దమ్మా అన్నట్టు. యొన్‌సిమ్ పళ్ళెం కింద పెట్టింది. నోరు తెరిచింది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఎదురుగా గోడ మీద మేకు ఉంది. చేట లేదు.

"అదిగో, మీ నాన్నమ్మ," అని మాస్టారు నవ్వారు. "రేపటి పనికి ఇప్పుడే బయల్దేరారా ఏమిటి?"

కొంబే అవ్వ వాకిలి దాటుతోంది. ఉతికిన తెల్ల రవిక వేసుకుంది, తల దువ్వుకుంది. నెత్తిన చేట బోర్లించి ఉంది. చేతిలో సొరబుర్ర. నడుం వంగినా అడుగు మాత్రం పెళ్ళికి వెళ్తున్నంత నిదానంగా పడుతోంది.

యొన్‌సిమ్ చెప్పులు కూడా వేసుకోలేదు. ఆమె వీధి సగం దాటేసరికి అత్తగారు ఎదురింటి గుమ్మంలో నిలబడే ఉంది.

బొమ్‌శిల్ వాళ్ళమ్మ అన్నం వారుస్తూ గరిటెతోనే బయటికొచ్చింది. చూసి, కడుపు పట్టుకుని నవ్వింది. "ఏంటి పెద్దమ్మా, పిల్ల సిగ్గుపడుతోందని నువ్వొచ్చావా? దల్లెకేనా ఉప్పు?"

"చేట ఎవరి నెత్తిన ఉందో వాళ్ళకి," అంది కొంబే అవ్వ.

బొమ్‌శిల్ వాళ్ళమ్మ ఇంకా నవ్వుతూనే గరిటె ఎత్తింది. అవతలి గోడ మీదుగా రెండు తలలు లేచాయి. హక్సు, మాస్టారు వీధి మధ్యకు వచ్చి ఆగిపోయారు.

"మొదటి దోసెడు నాదే, రెండోదీ నాదే," అంది కొంబే అవ్వ. గొంతు పెంచలేదు. "నా ఉప్పు పసిదానితో మోయించాను. మూడోది నేనే పట్టుకెళ్తా."

నవ్వు ఆగింది. గరిటె గాలిలోనే ఉంది.

అంతలో ఎవరి కాళ్ళ మధ్య నుంచి దూరి వచ్చిందో, దల్లె వచ్చి నాన్నమ్మ చేట కిందకు తల దూర్చింది. "అబద్ధం. నాన్నమ్మ కథలు చెబుతుంది, మీకు తెలుసుగా. పులి కథ లాగే. నేనే తడిపా," అంది.

"నువ్వు ఇంటికి పో. పాట పాడాల్సినదానివి," అంటూ కొంబే అవ్వ మనవరాలిని మోచేత్తో పక్కకు నెట్టింది. పిల్ల కదల్లేదు. బరువైన పిల్ల.

యొన్‌సిమ్ దగ్గరికి చేరింది. చేట అంచు కింద అత్తగారి మెడ మీద నరం కొట్టుకోవడం కనబడింది. చేట లాగెయ్యాలనిపించింది. లాగేస్తే ఆ తల్లి ఇంత దూరం నడిచి వచ్చింది దేనికి? చెయ్యి చాచి, లాగలేక, వాలిపోతున్న చేట ఒక అంచును పట్టుకుని నిలబడింది.

"చెయ్యి ఎత్తి ఆపావేమే," అంది కొంబే అవ్వ. "కొట్టు. కొట్టకుండా పెట్టిన ఉప్పు పనిచెయ్యదు."

బొమ్‌శిల్ వాళ్ళమ్మ అవ్వను చూసింది. పిల్లను చూసింది. చేట పట్టుకున్న కోడలిని చూసింది. ఆ వెనక వీధిలో నిలబడ్డ మాస్టారినీ, గోడ మీది తలలనీ చూసింది.

గరిటె దిగలేదు. కానీ ఊళ్ళోకెల్లా పెద్దదైన ఆ నోరు మెల్లగా తెరుచుకోవడం మొదలుపెట్టింది.